తోక నుంచి మొదలయ్యే సంఖ్య

మా ఇంట్లో దేవుడి పటాల తర్వాత అంత మర్యాద దక్కింది ఒక సంఖ్యకే. పద్దెనిమిది అంకెల సంఖ్య. ముందే రాసిపెడుతున్నాను. గడగడా చదవలేకపోయినా ఏం ఫరవాలేదు, మా బాపు కూడా దాన్ని ముందు నుంచి ఎన్నడూ చదివింది లేదు.

105263157894736842

దీని చివరనున్న రెండును తీసి ముందు పెట్టండి. 210526315789473684 అవుతుంది. ఇది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. అనుమానముంటే కాగితం మీద వేసి చూసుకోండి. ఇన్నేళ్లలో నేను చెప్పగా వేసి చూసుకున్నవాళ్లు చాలా తక్కువ. "అట్లనా, మంచిగుంది" అని చాయ్ తాగి లేచిపోయినవాళ్లే ఎక్కువ. చుట్టాల్లో అయితే ఒక్కరూ లేరు. మా బాపుకు మతి పోయిందని తీర్మానం చేసింది మాత్రం ఆ చుట్టాలే. వాళ్ల మీద కోపం నాకు ఈ వయసులో కూడా చల్లారలేదు. చల్లారాలని కూడా లేదు.

మేము నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. బాపు, అమ్మ, నేను, అంతే. బాపు దగ్గర్లోని సర్కారు బడిలో లెక్కల సారు. పాత హైదరాబాద్‌లో చాలా హిందువుల ఇళ్లలో ఉన్నట్టే మాకూ ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. బాపు చదివింది ఉర్దూలో, పాఠం చెప్పింది ఉర్దూలో. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొన్నేళ్లలోనే ఆ బడిలో ఉర్దూ తరగతులు సన్నబడి తెలుగు తరగతులు పెరిగాయి. పుట్టుకతో తెలుగువాడే అయినా బాపు తెలుగు అక్షరాలను కూడబలుక్కుని చదివేవాడు. ఏళ్ల తరబడి "కసర్" అని చెప్పిన నోటితో "భిన్నము" అనడానికి ఒక క్షణం ఆగేవాడు. వెనక బెంచీ పిల్లలకు ఆ క్షణం చాలు, కిసుక్కుమనేవాళ్లు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఇయ్యాల కసాగు అంటే ఏందో యాదికి రాలే బిడ్డా" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది. లెక్క రానివాడు నవ్వులపాలైతే అదొక దారి. లెక్క అంత బాగా వచ్చిన మనిషి మాట తట్టక నవ్వులపాలయ్యాడు.

సంఖ్య ఆయనకు చిన్నతనంలో దొరికింది. దొరికింది అనకూడదు, ప్రశ్నగా తగులుకుంది. బాపు చదువుకున్న బడిలో ఒక ముసలి ఉస్తాదు ఉండేవాడట. ఆఖరి రోజున పిల్లలకు ఒక లెక్క ఇచ్చి పంపాడట. చివరి అంకెను ముందుకు తెస్తే రెట్టింపయ్యే సంఖ్య ఏది? పిల్లలందరూ రెండంకెలు, మూడంకెలు తిప్పి చూసి విసిగి వదిలేశారు. బాపు వదల్లేదు. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, నేను పుట్టాను, అప్పుడప్పుడూ పలక మీద గీకుతూనే ఉన్నాడు. ఒకనాడు ఆబిడ్స్ పోస్టాఫీసులో పని చూసుకుని నాంపల్లికి నడిచి వస్తుంటే నడిరోడ్డు మీద తట్టిందట. ముందు నుంచి వెతికితే జన్మంతా దొరకదు, తోక పట్టుకుంటే అదే నడిచి వస్తుంది అని. రిక్షావాడు బూతులు తిడుతుంటే పక్కకు జరగడం కూడా మరిచిపోయి నిలబడ్డాడట. ఈ కథ చెప్పినప్పుడల్లా బాపు ఆ బూతులు కూడా కలిపే చెప్పేవాడు, అమ్మ వంటింట్లోంచి కసిరేదాకా.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు నేర్పించాడు.

"ఆఖరి అంకె రెండు అనుకో బిడ్డా. రెండును ముందుకు పంపిస్తే తోకకు ఎవరొస్తరు?"

"దాని ఎడమ పక్కనున్నోడు."

"వాడెవడు?"

"నాకేం ఎరుక?"

"ఎరుకనే. సంఖ్య రెట్టింపైతది అంటిమి గద. రెండు రెట్టింపైతే?"

"నాలుగు."

"గంతే. నాలుగొచ్చి కూసున్నడు. నాలుగు పక్కన?"

"ఎనిమిది."

"ఎనిమిది పక్కన?"

"పదహారు."

"ఒక్కటే కుర్చీ ఉన్నది, పదహారు పట్టదు. ఆరును కూసోబెట్టు. ఒకటిని చేతిల పట్టుకో."

చేతిలో పట్టుకునే ఆ ఒకటిని ఉర్దూ బడుల్లో హాసిల్ అనేవాళ్లు. బాపు దానికోసం కుడిచేతి బొటనవేలును అరచేతిలోకి మడిచేవాడు. తర్వాతి అంకెను రెట్టింపు చేసి ఆ ఒకటిని కలిపేవాడు. పట్టుకోవాల్సింది లేనప్పుడు వేలు తెరిచే ఉండేది. "హాసిల్ నోట్లకెల్లి రావద్దు, చేతిలనే ఉండాలె" అనేది ఆయన పట్టుదల. నోటితో చెప్పేది కుర్చీలో కూచునే అంకె ఒక్కటే. ఆరు రెట్టింపు పన్నెండు, ఒకటి కలిపితే పదమూడు, నోట వచ్చేది మూడు. మూడు రెట్టింపు ఆరు, ఒకటి కలిపితే ఏడు. బాపు ఎంత తెలుగు పాఠం చెప్పినా మనసులో లెక్క నడిచేది ఉర్దూలోనే, కాబట్టి వినేవాళ్లకు "దో, చార్, ఆఠ్, ఛే, తీన్, సాత్" అని వినిపించేది. వేలు వైపు చూడనివాడికి అది ఎనిమిది దాకా బుద్ధిగా వచ్చి ఆపైన మతి తప్పిన మనిషి మాటే. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మా కొంప మునిగింది ఇక్కడే.

అలా పోతూ పోతూ పద్దెనిమిదో అంకెగా ఒకటి వస్తుంది. వేలు తెరిచి ఉంటుంది. ఒకటి రెట్టింపు రెండు, అంటే మళ్లీ మొదటికే. అక్కడ ఆగాలి. ఆగకపోతే అవే అంకెలు అదే వరసలో ఎంతకాలమైనా తిరుగుతాయి. ఆగే చోటు పట్టుకోవడం నా పని. బాపు కళ్లు మూసుకుని చెప్పుకుంటూ పోతుంటే నేను ఆ ఒకటి దగ్గర "బస్" అనాలి, చాలు అని. సరిగ్గా అంటే కళ్లు తెరిచి నా నెత్తి మీద చెయ్యి పెట్టేవాడు. ఒక అంకె ముందో వెనకో అంటే తల అడ్డంగా ఊపి మళ్లీ "దో" దగ్గరికి పోయేవాడు. "నడుమ ఆపితే గది సంఖ్య గాదు" అనేవాడు. ఒకటి దారిలో ఇంకోసారి కూడా వస్తుంది, కాని అప్పుడు వేలు మడిచి ఉంటుంది. చిన్నప్పుడు నేను ఆ దొంగ ఒకటి దగ్గరే మోసపోయేదాన్ని.

అమ్మకు అక్షరం ముక్క రాదు. బాపు ఆదివారాలు షాబాదు బండల మీద చాక్‌పీసుతో ఆ అంకెలను గుండ్రంగా రాస్తే ఇల్లంతా ఖరాబు చేస్తున్నావని గొణిగేది. కొన్నాళ్లకు ఆ గుండ్రం ఆమెకే నచ్చింది. ఒక పండగ పూట గడప ముందు ముగ్గుపిండితో ఆ పద్దెనిమిది అంకెలనూ వేసి చుట్టూ తీగ కట్టింది. గల్లీలోవాళ్లు అదేం ముగ్గు అని అడిగితే "మా ఆయన ముగ్గు" అని చెప్పింది. దాని ముందు గొంతుక్కూచుని బాపు మా ఇద్దరికీ వింతలు చూపించాడు. ఏ అంకెనైనా దానికి ఎదురుగా ఉన్న అంకెతో కలిపితే తొమ్మిది వస్తుంది. ఒకటికి ఎదురుగా ఎనిమిది, ఐదుకు నాలుగు, ఆరుకు మూడు. సున్నా, తొమ్మిది ఒక్కొక్కసారే ఉంటాయి, ఆ రెండూ ఎదురెదురుగా ఉంటాయి. మిగతావన్నీ రెండేసిసార్లు. సంఖ్యను నడిమికి విరిచి ఆ రెండు సగాలనూ కూడితే తొమ్మిది తొమ్మిదులు వరసగా నిలబడతాయి. మూడుతో హెచ్చవేసినా, నాలుగుతో హెచ్చవేసినా, తొమ్మిది దాకా దేనితో హెచ్చవేసినా, అవే అంకెలు అదే వరసలో ఉంటాయి, మొదలయ్యే చోటు మాత్రం మారుతుంది.

"ఎవ్వర్నీ బయటికి పోనియ్యదు, ఎవ్వర్నీ లోపటికి రానియ్యదు" అని మురిసిపోయాడు బాపు.

"గట్లయితే గది సంసారం గాదు, జైలు" అంది అమ్మ. బాపు పడీ పడీ నవ్వాడు.

నేను కోఠీలో పీయూసీ చదువుతున్నప్పుడు పొద్దున్నే మొహం కడుక్కుంటూ బాపు పడిపోయాడు. చెంబు దొర్లుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. దవాఖానలో పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. ఇంటికి తెచ్చాక కాలును ఈడ్చుకుంటూ నడవడం వచ్చింది. చెయ్యి రాలేదు. నోరు తెరిచేవాడు, మంచినీళ్లకోసమో, దుప్పటికోసమో, మొహమంతా ఆ మాట కోసం పాకులాడేది, ఏదీ బయటికి వచ్చేది కాదు. కళ్లలో నీళ్లు తిరిగేవి. అమ్మ ఒక్కొక్క వస్తువూ తెచ్చి చూపించి ఇదా, ఇదా అని అడిగేది.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మంచంలోంచి మొదటి మాట వినిపించింది. "దో."

అమ్మ చేతిలో పనిని వదిలేసి దేవుడి దగ్గర దీపం వెలిగించడానికి పరిగెత్తింది. "చార్" అన్నాడు. "ఆఠ్" అన్నాడు. "ఛే" అన్నాడు. అమ్మ చేతిలో అగ్గిపుల్ల ఆగిపోయింది.

"గదేందే, ఆఠ్ తర్వాత ఛే అంటున్నడు? సోయి లేదానే?"

నేను చెయ్యి వైపు చూశాను. కుడి చెయ్యి పక్క మీద చచ్చు పడి ఉంది. ఎడమ చేతి బొటనవేలు మడిచి ఉంది. తీన్ అన్నాడు, మడిచే ఉంది. సాత్ అన్నాడు, తెరుచుకుంది. ఆ మనిషి తన హాసిల్‌ను కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. తప్పు లేకుండా చివరి ఒకటి దాకా వచ్చాడు. "బస్" అన్నాను. కళ్లు తెరిచి ఎడమ చెయ్యి నా నెత్తి మీద పెట్టాడు. నేను ఆ రోజు ఏడ్చినంతగా పడిపోయిన రోజున కూడా ఏడవలేదు. బాపు ఉన్నాడు, లోపల బాపు ఉన్నాడు అని అమ్మను పట్టుకుని ఊపేశాను.

అంతవరకే సంతోషం. ఆయనకు తిరిగి వచ్చినవి ఆ అంకెలు మాత్రమే. ఆకలైనా అవే, నొప్పైనా అవే, కోపమొచ్చినా అవే. నేను ఇంట్లో ఉంటే సరైన చోట బస్ అనేదాన్ని, కాసేపు నెమ్మదిగా పడుకునేవాడు. నేను కాలేజీకి పోతే ఆపేవాళ్లు లేరు. అమ్మ పాపం ఎక్కడ పడితే అక్కడ బస్ అనేది. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ దో దగ్గరికి పోయేవాడు, ఈసారి గొంతు పెంచి. అది గల్లీ చివరి దాకా వినిపించేది. పక్క పోర్షన్‌వాళ్లు మొదట జాలిపడ్డారు, తర్వాత కిటికీలు మూసుకున్నారు, ఆ తర్వాత ఇంటి ఓనరుకు చెప్పారు. అమ్మ ఒక గురువారం నాంపల్లి దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి కట్టింది. దాని లోపల కాగితం మీద గళ్లు గళ్లుగా ఉండేవి కూడా అంకెలే. అంకెలకు విరుగుడు అంకెలే అనుకుందేమో.

మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న, ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి టోకు దుకాణం నడిపేవాడు. ఆదివారం ఆదివారం మందులు, పళ్లు పట్టుకుని వచ్చేవాడు. ఆయన గదిలోకి రాగానే నాకు తుమ్ములొచ్చేవి. చెడ్డవాడని చెప్పలేను. తమ్ముడంటే ప్రాణం. కాని కనపడేదే నిజమనుకునే మనిషి. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావతో నేరుగా మాట్లాడకూడదు. ఆయన వస్తే అమ్మ కొంగు కప్పుకుని తలుపు వెనక నిలబడేది. ఇద్దరి మాటలూ నా మీదుగా పోయేవి.

"మీ అమ్మకు చెప్పు బిడ్డా, ఊరి బయటి పిచ్చి దవాఖానల మంచి డాక్టరున్నడంట. కొన్ని దినాలు ఉంచుదాం."

"పిచ్చి లేదు పెద్దబాపు. గది లెక్క. చూపిస్త, జర కూసోండ్రి." కాగితం మీద వేసి చూపించాను. హెచ్చవేసి, తోక ముందుకు తెచ్చి, ఎదురెదురు అంకెలు కూడి, అన్నీ చూపించాను. ఆయన ఓపిగ్గానే చూశాడు. వ్యాపారి కదా, లెక్క పట్టుకోవడం తెలుసు. కాగితం నాకు తిరిగిచ్చాడు.

"లెక్క సరిగనే ఉండొచ్చు బిడ్డా. మనిషి సరిగ లేడు."

నాకు కోపం వచ్చింది. నీ మిర్చి బస్తాలు నువ్వు చూసుకో అన్నాను. తలుపు వెనక నుంచి అమ్మ గాజులు గట్టిగా మోగాయి, నోరు మూసుకొమ్మని.

ఆ రోజు నుంచే అమ్మ నేర్చుకోవడం మొదలుపెట్టింది. తనకు సరైన చోటు తెలిస్తే పగలంతా తనే ఆపగలదు, గొడవ ఉండదు, బాపు ఇంట్లోనే ఉంటాడు. ఇంతే ఆమె ఆశ. అంకెలు వింటూ వరస గుర్తుపెట్టుకోవడం ఆమె వల్ల కాలేదు. ఉర్దూ అంకెలు బజారు బేరం వరకు వచ్చు, అంత వేగంగా వస్తే చిక్కుపడిపోయేది. నాలుగైదు రోజులు ఓడిపోయి, "నోరు వద్దు, నాకు చెయ్యి చూపియ్యి" అంది. నాకు అదెప్పుడూ తోచలేదు. ఇద్దరం మంచం పక్కన కూచుని బొటనవేలునే చూశాం. నిజమే, వేలుకు ఒక నడక ఉంది. ఒక్కచోట మాత్రమే వరసగా నాలుగు అంకెలకు మడిచి ఉంటుంది. తర్వాత రెండు అంకెలకు తెరుచుకుంటుంది. ఆపైన మడత, తెరుపు, మడత, తెరుపు. ఆ ఆఖరి తెరుపే చివరి ఒకటి. ముగ్గు చుక్కలు చూసే కళ్లకు ఇది అంకెలకంటే సులువు. అమ్మ బియ్యం ఏరుతూ, కూర తరుగుతూ, తన బొటనవేలు మడిచి తెరిచి సాధన చేసేది. అయినా అసలు సమయానికి కంగారుపడి ఒక మడత ముందు అనేసేది. బాపు తల అడ్డంగా ఊపేవాడు.

ఇంతలో ఆ పని జరిగింది. నేను కాలేజీలో ఉన్నాను. అమ్మ వెనక బట్టలు ఉతుకుతుంటే బాపు తలుపు తీసుకుని, కాలు ఈడ్చుకుంటూ, తన బడికి పోయాడు. తన తరగతిలోకే పోయాడు. ఎడమ చేత్తో చాక్‌పీసు తీసుకుని నల్లబల్ల కుడి అంచు నుంచి రాయడం మొదలుపెట్టాడు. తోక నుంచి రాసేవాడు కుడి నుంచి ఎడమకే రాస్తాడు. ఆ పిల్లలకు అదొక తమాషా అయింది, సారు ఉల్టా రాస్తున్నాడని. పద్దెనిమిది అంకెలూ వచ్చాయి. బస్ అనడానికి ఎవరూ లేరు. ఆగకుండా రాస్తూ పోయాడు, బల్ల అయిపోతే గోడ మీద రాశాడు. చాక్‌పీసు ముక్కలు విసిరారట కొందరు. హెడ్మాస్టరు మర్యాదస్తుడే, కుర్చీ వేసి నీళ్లిచ్చి, ఉస్మాన్‌గంజ్‌కు మనిషిని పంపాడు. నేను పోయేసరికి బల్ల తుడిచేశారు. గోడ మీద అంకెలు మిగిలాయి. చివరిదాకా చదివాను. ఒక్క తప్పు లేదు. పెద్దబాపు ఆ గోడ కింద కూచుని కండువాలో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు. "పంతులును పట్టుకుని పోరగాండ్లు గిట్ల కొట్టిన్రు బిడ్డా" అన్నాడు. నేను బాపు ఎడమ చేతికంటిన చాక్‌పీసు పొడి తుడిచి లేపాను.

ఇంటికొచ్చాక, "మీ అమ్మకు చెప్పు, రేపు పొద్దుగాల రిక్షా వస్తది" అన్నాడు.

అమ్మ తలుపు వెనక నుంచి బయటికి వచ్చింది. కొంగు సరిచేసుకుని ఆయన ఎదురుగా నిలబడింది. నా ఎరుకలో ఆమె ఆయనతో నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి.

"బావా, నేను బస్ అని ఆపుడు నేర్చుకుంటున్న. జర నాలుగు దినాలు ఆగుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

ఆయన ఉలిక్కిపడి నేల చూపులు చూశాడు. "నాలుగు దినాల్ల ఏమైతదమ్మా" అని చెప్పులు తొడుక్కున్నాడు.

పొద్దున రిక్షా గుమ్మం ముందు నిలబడ్డప్పుడు బాపు లెక్కలో ఉన్నాడు. అమ్మ ఆయన చెయ్యి మీదే చూపు నిలిపింది. నాలుగు మడతలు పోయాయి. రెండు తెరుపులు. మడత, తెరుపు, మడత, తెరుపు. "బస్" అంది. ఆయన ఆగాడు. కళ్లు తెరిచి, నేనని అనుకున్నాడేమో, అమ్మను చూసి ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి ఆమె నెత్తి మీద పెట్టాడు. అమ్మ గర్వంగా పెద్దబాపు వైపు తిరిగింది.

"మంచిదే గదమ్మా" అన్నాడు ఆయన. "గాడ వైద్యం జరిగితే ఇంకింత మంచిగైతడు." ఆయనా రిక్షావాడూ కలిసి బాపును ఎక్కించారు. గల్లీ మలుపు దాకా "దో, చార్" వినిపించింది.

మొదట్లో మమ్మల్ని రానివ్వలేదు, ఆడవాళ్లు చూడలేరని పెద్దబాపే పోయి వచ్చేవాడు. ఎట్లున్నడంటే "గట్లనే ఉన్నడు" అనేవాడు. రెండు నెలలు దాటాక అమ్మ అన్నం మానేసి కూచుంటే తీసుకుపోయాడు. పొడుగాటి వార్డు. మనుషులు చాలామంది, చప్పుడు చాలా ఎక్కువ. బాపు గుండు తలతో, సగమైపోయి, ఒక ఇనుప మంచం మీద గోడకానుకుని ఉన్నాడు. గొంతు పోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. పక్క మంచంవాడు అరిచినప్పుడల్లా వార్డు మనిషి గుండె పగిలేట్టు "బస్, బస్ కరో" అంటున్నాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా బాపు తల అడ్డంగా ఊపుతున్నాడు. పెదవులు మళ్లీ మొదటికి పోతున్నాయి.

నాకు అప్పుడు అర్థమైంది. రోజుకు ఎన్నిసార్లో ఆ మాట ఎక్కడ పడితే అక్కడ చెవిన పడుతుంది. పడినప్పుడల్లా ఆయన తప్పు జరిగిందనుకుని మొదటి నుంచి మొదలుపెడుతున్నాడు. ఇక్కడికొచ్చిన దగ్గర నుంచి ఒక్కసారైనా చివరికి చేరాడో లేదో.

నేను పెదవులు చదవాలని చూశాను, చేతకాలేదు. అమ్మ మంచం అంచున కూచుని ఆయన ఎడమ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలు ఇంకా ఆడుతోంది, చాలా కొంచెంగా. అమ్మ చూడ్డం కూడా మానేసి, కళ్లు మూసుకుని, తన అరచేతిలో ఆ వేలిని పట్టుకుంది. వార్డు మనిషి ఇటు రాకుండా పెద్దబాపు అడ్డంగా నిలబడ్డాడు. ఆయనకు ఏం అర్థమైందో తెలియదు, నిలబడ్డాడు.

"బస్" అంది అమ్మ, మెల్లిగా.

పెదవులు ఆగాయి. కళ్లు తెరిచి అమ్మను చూశాడు. చెయ్యి ఎత్తబోయాడు, సగం లేచి ఆమె మోకాలి మీద పడింది. అంత నెమ్మది ఆ మొహంలో జబ్బు పడ్డ తర్వాత నేను చూడలేదు. వచ్చేటప్పుడు దారి పొడుగునా అమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఆపిండు, నేనంటే ఆపిండు" అంటూనే ఉంది.

ఆ తర్వాత బాపు మళ్లీ మొదలుపెట్టలేదు. ఆ రోజు కాదు, మర్నాడు కాదు, ఎప్పుడూ కాదు. డాక్టరుగారు పెద్దబాపుతో, "చాలా నెమ్మదించాడండీ, ఇక ఇంటికి తీసుకెళ్లొచ్చు" అన్నారట. వాళ్ల లెక్కలో అది నయం కావడం. పెద్దబాపు ఆబిడ్స్‌లో మిఠాయి కొని తెచ్చి గల్లీ అంతా పంచాడు. కిటికీలు మూసుకున్నవాళ్లందరూ తీసుకుని తిన్నారు. మంచిగైండట గదా అని మమ్మల్ని పలకరించారు. నేను పెద్దబాపు ముందే ఆ మిఠాయి పొట్లం విసిరి మోరీలో పారేశాను.

బాపు ఆపైన ఏడాదికి పైగా బతికాడు. తినిపిస్తే తినేవాడు, కూచోబెడితే కూచునేవాడు. మాట పోయిన మొదట్లో నీళ్ల కోసం మొహం పాకులాడేది చూడండి, అదీ లేదు. బొటనవేలు తెరిచి ఉండేది, మడిచేది లేదు. అమ్మ సాయంత్రాలు ఆయన కుర్చీ ముందు బండల మీద ఆ గుండ్రం ముగ్గు వేసేది. ఎదురుగా కూచుని "దో" అనేది. ఆగేది. ఎంతసేపో ఆగేది. "దో" అని మళ్లీ అనేది. బాపు ముగ్గు వైపు చూసేవాడు, ముగ్గులాగే చూసేవాడు. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని వినకుండా ఉండాలని చూసేదాన్ని. ఇల్లంతా ఆ ఒక్క అంకె తప్ప చప్పుడు ఉండేది కాదు. గల్లీవాళ్లకు ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు.

ఆయన పోయాక కర్మలన్నీ అయి, చుట్టాలు వెళ్లిపోయిన రోజున అమ్మ ఇల్లు కడుగుతోంది. కుర్చీ ముందు బండ మీద పాత ముగ్గు మరక పోలేదు. దాన్ని రుద్దుతూ రుద్దుతూ ఆగిపోయింది.

"నేను సరిగ్గనే ఆపిన గద బిడ్డా?"

"సరిగ్గనే ఆపినవమ్మా" అన్నాను.

"తప్పు జాగల అంటే మళ్ల దో కాడికి వచ్చేటోడు" అంది, బండ వైపే చూస్తూ. "నేనే సరిగ్గ నేర్చుకుంటి."